పద్దెనిమిది బైట్ల తెనాలి

తెనాలి అన్న మాట కంప్యూటర్లో పట్టే చోటు 18 బైట్లు. బాపట్లకూ అంతే, 18. రేపల్లెకు మాత్రం 21. పలికేటప్పుడు మూడేసి అక్షరాలే కదా అనిపిస్తుంది గానీ యంత్రం లెక్క వేరు. తెనాలిని అది త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి అని ఆరు ముక్కలుగా రాసుకుంటుంది. బాపట్లలో బ, దీర్ఘం, ప, ట, పొల్లు, ల. ఇవీ ఆరే. రేపల్లెలో ముందొక ఏత్వం, మధ్యలో లకారం కింద ఒత్తు, చివర ఎత్వం, అన్నీ కలిపి ఏడు. ఒక్కో ముక్కకు మూడు బైట్లు.

ఇప్పుడు ఫోనుతో తీసిన ఒక మామూలు ఫొటో సంగతి చూడండి. సుమారు 4 ఎంబీ, అంటే 40 లక్షల బైట్లు. అంత చోటులో తెనాలి పేరును 2,22,000 సార్లకు పైగా రాసుకోవచ్చు. ఒక్కో మాటకు సగటున 24 బైట్లు వేసుకుంటే, 2,500 మాటల వ్యాసం ఒకటి 60 కేబీ. అవి అరవై ఏడు కలిపితే గానీ ఒక ఫొటో బరువు తూగవు.

ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. విశ్వవిద్యాలయం సర్వర్ మీద సొంత పేజీ పెట్టుకోవాలనుకునే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ‘ఎంత స్పేస్ ఇస్తారు?’ అని. చోటు గురించి బెంగ పడాల్సిన రోజులు ఎప్పుడో పోయాయి. రాత మీదే నడిచే పేజీకి వాళ్లు ఎంత తక్కువ ఇచ్చినా ఎక్కువే. అడగాల్సింది ‘ఎన్నాళ్లు ఉంచుతారు?’ అని. నేను ఆ ప్రశ్న అడగలేదు. దాని ఫలితం తర్వాత చెబుతాను.

అలగుర్తు పక్కన మన పేరు

విశ్వవిద్యాలయం వెబ్ చిరునామా చివర ఒక ఏటవాలు గీత, దాని పక్కన అల ఆకారంలో ఒక గుర్తు, ఆ వెనకే మన లాగిన్ పేరు. సొంత పేజీ చిరునామా సాధారణంగా ఇలా ఉంటుంది. ఆ అలను టిల్డే అంటారు. యూనిక్స్ కంప్యూటర్లలో దానికి ‘ఫలానా మనిషి ఇల్లు’ అని అర్థం. ఆ ఇంట్లో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే, అందులో వేసినవి లోకానికి కనిపిస్తాయి, మిగతా ఇల్లు మన సొంతానికి ఉంటుంది. వీధి అరుగు లాంటిది ఆ ఫోల్డర్.

స్విట్జర్లాండ్ సెర్న్ ప్రయోగశాలలో పుట్టిన వెబ్ 1991 ఆగస్టులో బయటి వాళ్లకు తెలిసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ తర్వాత నాలుగైదేళ్లు వెబ్ అంటే దాదాపుగా విశ్వవిద్యాలయాల వెబ్బే. 1994లో యాహూ మొదలైంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల యంత్రం మీద. గూగుల్ కూడా సొంత పేరు నమోదు చేసుకునేదాకా, అంటే 1997 సెప్టెంబరు దాకా, స్టాన్‌ఫర్డ్ చిరునామా కిందే ఉంది. మన దేశంలో ఐఐటీల్లోనూ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ అధ్యాపకుల, పరిశోధకుల పేజీలు ఎన్నో ఈ అలగుర్తు చిరునామాలతోనే నడిచాయి.

ఇందులో తెలుగు వాళ్ల వంతు చిన్నదేమీ కాదు. 1990ల తొలినాళ్లలో యూనికోడ్ పుస్తకంలో తెలుగుకు చోటు దొరికింది గానీ మామూలు కంప్యూటర్ల మీదికి ఇంకా రాలేదు. అప్పుడు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. విశ్వవిద్యాలయం పేరుతోనే దాన్ని రైస్ లిప్యంతరీకరణ ప్రమాణం అన్నారు, పొట్టిగా ఆర్‌టీఎస్. చిన్న ‘ఏ’ కొడితే అకారం, పెద్ద ‘ఏ’ కొడితే ఆకారం, చిన్న ‘టీ’కి త, పెద్ద ‘టీ’కి ట. ఆ పద్ధతిలో తెనాలి 6 బైట్లు, బాపట్ల 7, రేపల్లె 7. సన్నని టెలిఫోన్ తీగల మీద బొట్టు బొట్టుగా సమాచారం నడిచే కాలంలో అది ఎంత పొదుపో ఆలోచించండి. ఈరోజు ఫోనులో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే లక్షలాది మందికి ఆ ఇద్దరి పేర్లు తెలియవు. తెలియాలని నా కోరిక, అందుకే రాస్తున్నాను.

403

మా మేనకోడలిది రేపల్లె. బయటి ఊళ్లో ఒక విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు మడ అడవుల్లో పీతల మీద ఆమె పని. ఆ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులకు సర్వర్ మీద చోటిస్తారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు లాప్‌టాప్ నా ముందు పెట్టి, “మావయ్యా, అన్నీ ఎక్కించాను. తెరిస్తే 403 అంటోంది. నా పేజీ నాకే చూపించనంటోంది,” అంది.

ఈ మూడంకెల సంఖ్యలు తెలిస్తే సగం కష్టం తీరుతుంది. 200 అంటే సవ్యంగా అందింది. 301 అంటే ఆ పేజీ శాశ్వతంగా వేరే చోటికి మారింది. 404 అంటే ఆ పేరుతో ఏమీ లేదు. 403 అంటే లోపలికి రావడానికి అనుమతి లేదు. 403 వచ్చినప్పుడు చిరునామాను పదే పదే కొట్టి చూసి లాభం లేదు, తలుపు గడియలు చూసుకోవాలి.

ఆ గడియలు కూడా అంకెలే. చదవడానికి 4, మార్చడానికి 2, లోపలికి అడుగుపెట్టడానికి 1. ఎవరికి ఏ హక్కులు ఇవ్వాలో వాటిని కూడితే ఒక అంకె వస్తుంది. అలాంటి అంకెలు మూడు. మొదటిది మనకు, రెండోది మన గుంపుకు, మూడోది లోకానికి. 644 అన్నామంటే మనం చదవొచ్చు, మార్చొచ్చు. నాలుగూ రెండూ ఆరు. మిగతా వాళ్లు చదవడం మాత్రమే, నాలుగు. పేజీలకూ ఫొటోలకూ అది సరిపోతుంది. ఫోల్డర్లకు 755 కావాలి, ఎందుకంటే ఫోల్డర్లోకి అడుగుపెట్టడానికి ఆ ఒకటి తప్పనిసరి. ఇంటికి, అంటే మన ప్రధాన ఫోల్డర్‌కు, 711 చాలు. దాటి పోవచ్చు గానీ ఏమేం ఉన్నాయో తొంగి చూడకూడదని దాని భావం.

మా పిల్ల ఇల్లు 700లో ఉంది. వీధి అరుగు తెరిచే ఉంది గానీ ప్రహరీ గేటుకు తాళం. 711కి మార్చాం. అయినా 403 పోలేదు. ఈసారి ఆమె మొహం నిజంగానే వాడిపోయింది. పావుగంట వెతికితే దొరికింది. మొదటి పేజీ పేరు ఇండెక్స్‌లో ‘ఐ’ పెద్దక్షరం పడింది. ఆమె లాప్‌టాప్‌లో ఉన్న విండోస్‌కు పెద్ద ఐ, చిన్న ఐ ఒకటే. సర్వర్లో ఉన్న లినక్స్‌కు అవి రెండు వేరు పేర్లు. ఇండెక్స్ పేజీ దొరకలేదు, ఫోల్డర్లో ఉన్నవాటి జాబితా చూపించడానికి అనుమతి లేదు, అందుకని 403. ఒక్క అక్షరం మార్చగానే పేజీ వచ్చింది.

వచ్చింది గానీ తెలుగు రాలేదు. ‘తెనాలి’లోని త ఉండాల్సిన చోట నెత్తిన గీటుతో చిన్న ‘ఏ’, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే సున్నా లాంటి డిగ్రీ గుర్తు, దాని పక్కన కాళ్లూ చేతులూ ఉన్న చిన్న గుండ్రటి కరెన్సీ గుర్తు. పేజీ నిండా ఇదే గందరగోళం. ఇది వైరస్ కాదు, ఫాంటు లోపమూ కాదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గడులు 128. అందులో త వరుస సంఖ్య 3108. వెబ్ మీద ప్రయాణించేటప్పుడు ఆ సంఖ్య 224, 176, 164 అనే మూడు బైట్లుగా విడిపోతుంది. ఆ మూడింటినీ కలిపి చదవమని బ్రౌజర్‌కు చెప్పకపోతే, పాత పాశ్చాత్య పట్టిక ప్రకారం ఒక్కోదాన్ని ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. 224 అంటే ఆ గీటు ‘ఏ’, 176 డిగ్రీ గుర్తు, 164 కరెన్సీ గుర్తు. పేజీ మొదట్లో, తొలి 1,024 బైట్ల లోపల, ఇది యూటీఎఫ్-8 అని ఒక్క వరుస రాయాలి. రాశాం. తెలుగు నిలబడింది.

తెలుగు పేజీలు పెట్టేవాళ్లకు ఇక్కడే ఇంకో సలహా. పేజీలో ఉన్నదంతా తెలుగులో రాయండి, ఫైల్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో ఉంచండి. ఫైల్‌కు తెనాలి అని తెలుగులో పేరు పెడితే చిరునామాలో ఆ 18 బైట్లలో ఒక్కొక్కటీ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది. అంటే 54 గుర్తులు. రేపల్లెకు 63. దాన్ని వాట్సాప్‌లో పంపితే మధ్యలో తెగుతుంది, కాగితం మీద అచ్చువేస్తే ఎవరూ చూసి కొట్టలేరు. తెలుగు చిరునామాలకు వ్యతిరేకంగా చెప్పడం లేదు. చుక్క తర్వాత భారత్ అని తెలుగులోనే రాసే డొమైన్ మనకు ఉంది, అది ఉండాల్సిందే. నేను చెప్పేది లోపలి ఫైళ్ల పేర్ల గురించి మాత్రమే.

బరువు దిగింది

పేజీ తెరుచుకోవడానికి దగ్గర దగ్గర నిమిషం పట్టింది. లంకెవానిదిబ్బ దగ్గర తీసిన తొమ్మిది ఫొటోలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించింది. తొమ్మిది నాలుగులు 36 ఎంబీ. సెకనుకు 5 మెగాబిట్ల వేగం ఉంటే 36 ఎంబీ దిగడానికి 58 సెకన్లు కావాలి. లంకల్లో సిగ్నల్ ఒక గీతకు పడిపోయే చోట ఎంతసేపు పడుతుందో చెప్పక్కర్లేదు. ఆ ఫొటోల్లో ఉన్న పడవల వాళ్లు, ఆమెకు పీతలు పట్టి చూపించినవాళ్లు, ఆ పేజీ తెరవాల్సింది సరిగ్గా అలాంటి చోటే.

ఒక్కో ఫొటో 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు, మొత్తం 1.2 కోట్ల చుక్కలు. చూసే ఫోను తెరకు అందులో పదో వంతు చాలు. 1,200 వెడల్పుకు కుదించాం. ఒక్కోటి సుమారు 150 కేబీకి దిగింది. తొమ్మిదీ కలిపి 1.35 ఎంబీ. అదే వేగంతో రెండు సెకన్లు.

అందమైన తెలుగు ఫాంటు కావాలని కూడా అడిగింది. తెనాలి రామకృష్ణ పేరుతోనే ఒక ఫాంటు ఉంది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో అదొకటి, గూగుల్ ఫాంట్లలో దొరుకుతుంది. మన ఊరి పేరున్న అక్షరాలతో మన పేజీ ఉంటే ఎవరికి బాగుండదు? శీర్షికకు వాడుకోమన్నాను. ఒత్తులూ గుణింతాలూ అన్నీ మోయాలి గనుక తెలుగు ఫాంట్ల ఫైళ్లు ఇంగ్లిష్ వాటికన్నా చాలా బరువు. వ్యాసానికి మాత్రం ఫోనులో ముందే ఉన్న తెలుగు ఫాంటును వాడితే సున్నా బైట్లు.

ఏ పేరు మారదు

ఇక అసలు సంగతికి వస్తాను. ఎన్నాళ్లు?

డిగ్రీకి 3 ఏళ్లు. ఇంజినీరింగుకు 4. పీజీకి 2. పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 3, గరిష్ఠం 6. విశ్వవిద్యాలయం చిరునామా మీద మన పేజీ ఆయుష్షు అంతే అనుకోవాలి. కోర్సు అయిపోగానే ఖాతా మూసేసే చోట్లే ఎక్కువ. పట్టా పట్టుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే నెలల్లోనే, అంటే ఆ పేజీ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పుడే, అది 404 అవుతుంది.

నాకు అదే జరిగింది. 2000ల మొదట్లో పీజీ చేసేటప్పుడు, నేను చదివిన చోట ఇచ్చిన చిన్న గదిలో ఇరవై మూడు పేజీలు పెట్టుకున్నాను. మా నాయనమ్మ చెబుతుంటే రాసుకున్న కోతల పాటలు, నాట్ల పాటలు, ఆర్‌టీఎస్‌లో ఒక్కో అక్షరమూ కొట్టుకుని. సర్వరే పదిలమైన చోటు అనుకుని ఇంట్లో నకలు ఉంచుకోలేదు. చదువైన ఎనిమిది నెలలకు చూస్తే ఖాతా లేదు. ఉత్తరం రాస్తే, పాత విద్యార్థుల ఫైళ్లు తీసేశామని జవాబు వచ్చింది. వాళ్ల నియమం వాళ్లది. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత వెబ్ పేజీలను దాచిపెడుతుందని తెలిసి అక్కడ వెతికితే నాలుగు పేజీలు దొరికాయి. పందొమ్మిది పోయాయి. మా నాయనమ్మ అప్పటికి లేదు.

ఇది నా ఒక్కడి కథ అయితే ఇంత చోటు ఇచ్చేవాణ్ణి కాదు. 2013లో వెబ్ మీద ఉన్న పేజీలను పదేళ్ల తర్వాత అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం వెతికి చూస్తే, నూటికి 38 కనిపించలేదు. డబ్బున్న సంస్థల చేతిలో పెట్టినా భరోసా లేదు. లక్షల మంది ఉచితంగా ఇళ్లు కట్టుకున్న జియోసిటీస్‌ను 1999లో యాహూ 350 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. 2009 అక్టోబరులో మూసేసింది.

ఈ విషయంలో బాపట్ల మనకు ఒక పాఠం చెబుతుంది, అదీ కంప్యూటర్లతో సంబంధం లేకుండా. అక్కడి వ్యవసాయ కళాశాల మొదలైంది 1945లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, కళాశాల దాని కిందికి వచ్చింది. 1996లో ఆ విశ్వవిద్యాలయం ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయింది, విశ్వవిద్యాలయమూ రెండైంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల తనే జిల్లా అయింది. రేపల్లె ఆ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. డెబ్బై ఏడేళ్లలో ఎన్ని బోర్డులు మారాయో చూడండి. ఈ మధ్యలో 1986లో బాపట్లలో తయారైన ఒక వరి వంగడం విడుదలైంది. బీపీటీ 5204. జనం సాంబ మసూరి అంటారు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1 కలిపిన సంతతికి మసూరిని కలిపి తీసిన వంగడం, 145 నుంచి 150 రోజుల పంట. విశ్వవిద్యాలయం పేరు మారింది, రాష్ట్రం రూపు మారింది, జిల్లా మారింది. బీపీటీ 5204 మారలేదు. ఊరి పేరులోని మూడక్షరాలు, ఒక నాలుగంకెల సంఖ్య. నలభై ఏళ్లుగా తెలుగు రాష్ట్రాలు దాటి కూడా ఏ విత్తనాల కొట్లో అడిగినా అది ఏదో తెలుసు.

మన పేజీకి కూడా అలాంటి గుర్తింపు ఉండాలి. సంస్థ బోర్డు మారినా మనతోనే ఉండేది.

పరిశోధన చేసేవాళ్లకు అది ఇప్పటికే ఉంది. ఆర్కిడ్ అనే 16 అంకెల సంఖ్య. 2012 అక్టోబరులో మొదలైంది, ఉచితం, పది నిమిషాల్లో వస్తుంది. ఉద్యోగం మారినా, ఇంటిపేరు మారినా, దేశం మారినా అదే సంఖ్య. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మన ఆడపిల్లల వ్యాసాలు రెండు పేర్ల కింద చీలిపోయి ఎవరివో తెలియకుండా పోవడం నేను చూశాను. ఆ 16 అంకెలు పేజీ కిందే ఉంటే ఆ బాధ లేదు.

సిద్ధాంత గ్రంథాలకు కూడా స్థిరమైన ఇళ్లున్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు కృషికోశ్, మిగతా విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలకు శోధగంగ. ఇక్కడ ఒక తేడా గమనించాలి. విశ్వవిద్యాలయం ఒక మనిషి పేరు మీద ఇచ్చిన గది ఆ మనిషితో పోతుంది, సంస్థ తన బాధ్యతగా పెట్టుకున్నది నిలుస్తుంది. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1903 ప్రతిని షికాగో విశ్వవిద్యాలయం తన దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఉంచి ఏళ్లు గడిచాయి. ఇవాళా తెరుచుకుంటోంది. కాబట్టి థీసిస్‌ను సంస్థ ఇంట్లో ఉంచి, మన పేజీ నుంచి దానికి దారి వేయడమే సరైన పద్ధతి.

మరి విశ్వవిద్యాలయం చిరునామా ఎందుకు అంటారా? దానికొక విలువ ఉంది. చివర ఏసీ డాట్ ఇన్ అని ఉండే పేర్లను మన దేశంలో ఎర్నెట్ ఒక్కటే ఇస్తుంది, అదీ విద్యాసంస్థలకే. 1986లో ఐఐటీలనూ బెంగళూరు విజ్ఞాన సంస్థనూ కలపడానికి పుట్టిన ఎర్నెట్ అది. ఊరూ పేరూ లేనివాళ్లు డబ్బు కట్టి ఆ పేరు కొనుక్కోలేరు. ప్రవేశాల కోసం, ఉపకార వేతనం కోసం మన పేజీ చూసే పరాయి దేశపు ఆచార్యుడికి, ఈ అమ్మాయి నిజంగానే అక్కడ చదువుతోందని ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు చెబుతాయి. ఆ మేలు దొరికినన్నాళ్లు పొందాలి. అందుకే మా పిల్లకు విశ్వవిద్యాలయం పేజీ, బయట సొంత పేజీ, రెండూ పెట్టించాను.

రెండో ఇంటికి అయ్యే ఖర్చు చెబుతాను. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట చోటు ఉచితం. ఒక సైటుకు 1 జీబీ, నెలకు 100 జీబీ దాకా రాకపోకలు. ఇందాకటి లెక్కలో 1 జీబీలో 60 కేబీ వ్యాసాలు 16,000కు పైగా పడతాయి. వారానికొకటి చొప్పున రాస్తే 300 ఏళ్లు. నెలకు 100 జీబీ అంటే ఆ వ్యాసాన్ని 16 లక్షల సార్లు చదవొచ్చు. సొంత పేరు, అంటే చివర ఇన్ అని ఉండే డొమైన్, ఏడాదికి సాధారణంగా వెయ్యి రూపాయల లోపే. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి మురిసిపోకుండా రెండో ఏడాది నుంచి ఎంతో చూసుకోండి. ఒకేసారి పదేళ్ల దాకా కట్టుకోవచ్చు. తాళం బొమ్మతో భద్రంగా తెరుచుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్‌కు ఒకప్పుడు వేలు పోసేవాళ్లు. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాన్ని ఉచితంగా ఇస్తోంది.

మీ కాలేజీలో చోటు ఇస్తారో లేదో, ఇస్తే ఎన్నాళ్లకో, చదువయ్యాక ఒక్క ఏడాదైనా 301 పెడతారో లేదో కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లి అడగండి. ఈ మూడో ప్రశ్న అడిగే విద్యార్థి అరుదు. 301 అంటే పాత గుమ్మం దగ్గర కొత్త చిరునామా రాసిన పలక. వాళ్ల వైపు అది ఒక్క వరుస పని. మర్యాదగా, చదువు ముగియడానికి ఆరు నెలల ముందు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఇస్తే సరే, లేకపోతే మీరే ముందుగా చివరి సెమిస్టరులో పేజీ మీద కొత్త చిరునామా రాసి పెట్టండి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మీ పేజీలన్నీ మీ చేత్తోనే దాచిపెట్టండి. ఫోల్డర్ మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అమ్మ చేతికివ్వండి. ఆ 23 పేజీలకు నాకు కావాల్సింది ఒక ఫ్లాపీ. అది కూడా నిండేది కాదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మన వాళ్లకు బయోడేటా రాయడం అలవాటు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, శాశ్వత చిరునామా, ఫోను నంబరు, కింద సంతకం. దాన్ని పీడీఎఫ్ చేసి పేజీలో వేలాడదీస్తారు. బ్యాంకులో మనమే అని నిరూపించుకోవడానికి అడిగే వివరాలు దాదాపు అన్నీ అందులో ఉంటాయి. మార్కుల జాబితాలు, 12 అంకెల ఆధార్ కనిపించే కాగితాలు కూడా కొందరు పెడుతున్నారు. వెంటనే తీసేయండి. లోకానికి కావాల్సింది మీరేం చదివారు, ఏం చేశారు, ఏం రాశారు. రాయడానికి ఒక ఈమెయిల్ చాలు.

మా పిల్ల పేజీ ఇప్పుడు ఇలా ఉంది. పైన పేరు, తెనాలి రామకృష్ణ అక్షరాల్లో. కింద ఇంగ్లిష్‌లో పరిశోధన సంగతి. దాని కింద అదే సంగతి తెలుగులో, పన్నెండు వరుసలు. ఆ పన్నెండు వరుసలకు ఆమె నాలుగు రోజులు కష్టపడింది. ఏళ్లుగా ఇంగ్లిష్‌లోనే ఆలోచించిన విషయాన్ని పడవ నడిపే మనిషికి అర్థమయ్యేలా రాయడం థీసిస్‌లో ఒక అధ్యాయం కన్నా కష్టమని అంది. మడ చెట్టు వేరును పట్టుకుని ఉండే పీతకు అక్కడి వాళ్లు పిలిచే పేరు రాసి, ఆ పక్కన శాస్త్రీయ నామం వేసింది. ఆ పేరు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఒక పెద్దాయన చెబితే రాసుకున్నది. తర్వాత తొమ్మిది ఫొటోలు, 16 అంకెల సంఖ్య, రెండో చిరునామా.

పోయిన ఆదివారం రేపల్లెలో మా అక్క తన ఫోనులో దాన్ని తెరిచింది. ఫొటోలు రెండు సెకన్లలో వచ్చాయి. ఆమె వాటి దగ్గర ఆగలేదు. కళ్లజోడు తెచ్చుకుని కూర్చుని ఆ పన్నెండు వరుసలూ పైకి చదువుకుంది, పీత పేరు దగ్గర ఆగి, “ఇది మన అమ్మ అనే మాట కదరా,” అంది.